జాకెట్ లేబుల్ మీద సాక్సనీ అని ఉంది: జర్మనీ బట్టా? ట్వీడా? డిసెంబర్ పెళ్ళికి పనికొస్తుందా?

కింద వచ్చిన జవాబులు చూసి ఆగలేక రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి. మీరు అడిగింది ఇదీ కదా: ఎడిన్‌బరాలో చారిటీ షాపులో ఒక పాత జాకెట్ కొన్నారు, లోపలి జేబు దగ్గర లేబుల్ మీద సాక్సనీ అని ఉంది, దాని కిందే స్కాట్లాండ్‌లో నేసింది అని ఉంది, సాక్సనీ అంటే జర్మనీలో రాష్ట్రం కదా మరి ఈ స్కాట్లాండ్ ఏంటి, లేబుల్ దొంగదా, ఇది ట్వీడేనా (అంటే మొరటు ఉన్ని బట్టేనా), డిసెంబర్లో విజయవాడలో మీ బాబాయి గారి అబ్బాయి రిసెప్షన్‌కి వేసుకోవచ్చా, వేసుకున్నాక ఎలా ఉతకాలి, చేతులు పొడుగయ్యాయి ఏం చేయాలి. ఒకాయన సాక్సనీ అనేది జర్మన్ కంపెనీ, లేబుల్ ఫేక్ అని తేల్చేశారు, ఇంకొకాయన ట్వీడ్‌కే ఇంకో పేరు అన్నారు. రెండూ తప్పే.

లేబుల్ దొంగది కాదు, సాక్సనీ కంపెనీ పేరూ కాదు. ఒక రకం ఉన్ని బట్టకి వాడుకలో ఉన్న పేరు. సన్నటి మెరినో ఉన్నిని ఏకి, వడికి, నేసి, కొద్దిగా మిల్లింగ్ చేసి (సబ్బు నీళ్ళలో నలిపి చిక్కబరచి), పైన పొట్టిగా నూగు లేపిన మెత్తటి బట్టని సాక్సనీ అంటారు. అది స్కాట్లాండ్‌లో నేసినా, ఇంగ్లాండ్‌లో సోమర్‌సెట్‌లో నేసినా, యార్క్‌షైర్‌లో నేసినా సాక్సనీయే. ఈ పేరుకి జీఐ ట్యాగ్ లాంటి రక్షణ ఏమీ లేదు. హారిస్ ట్వీడ్ సంగతి వేరు, దానికి 1993లో బ్రిటన్ పార్లమెంట్ ఏకంగా చట్టమే చేసింది, స్కాట్లాండ్ పడమటి దీవుల్లో అక్కడి వాళ్ళు తమ ఇళ్ళల్లో చేత్తో నేస్తేనే ఆ పేరు వాడాలి. సాక్సనీకి అలాంటి కాపలా లేదు కాబట్టి పేరు చూసి కాదు, బట్ట చూసి కొనాలి. నేను సూటింగ్ బట్టలు కొనీ అమ్మీ బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగా చెప్తున్నా, సాక్సనీ అని లేబుల్ వేసి నైలాన్ కలిపిన సరుకు అమ్మడం నా కళ్ళతో చూశా.

ఇక జర్మనీ సంగతి. అక్కణ్ణుంచి వచ్చింది బట్ట కంటే ముందు గొర్రె. ఆ గొర్రె కూడా జర్మనీది కాదు, స్పెయిన్‌ది. మెరినో అనే జాతి అప్పట్లో స్పెయిన్ సొత్తు, అక్కడ మెస్తా అని గొర్రెల ఆసాముల సంఘం ఒకటి ఉండేది, ఊళ్ళకి ఊళ్ళని శాసించేంత బలం దానికి, మందలు చలికాలం దక్షిణాన ఎక్స్‌ట్రెమదురాలో మేసి ఎండాకాలం ఉత్తరాన కొండలెక్కేవి, వాటి దారిలో రైతు అడ్డం రాకూడదు. ఉన్ని అమ్మేవాళ్ళు, బతికున్న గొర్రెని మాత్రం రాజు అనుమతి లేకుండా దేశం దాటనిచ్చేవాళ్ళు కాదు. బంగారం గనిని ఎవడు పక్కింటికి ఇస్తాడు చెప్పండి.

అయితే చుట్టరికం అనేది ఒకటుంటుంది కదా. 1756 నుంచి 1763 దాకా ఏడేళ్ళ యుద్ధంలో ప్రష్యా సైన్యం సాక్సనీని పీల్చి పిప్పి చేసి వదిలింది, ఖజానా ఖాళీ. 1763లోనే అక్కడ ఇద్దరు పాలకులు ఒకరి తర్వాత ఒకరు పోయారు, వారసుడు చిన్నపిల్లాడు, వాడి తరఫున బాబాయి ప్రిన్స్ జేవియర్ రాజ్యం చూసుకుంటున్నాడు. ఆ జేవియర్ అక్క మరియా అమాలియా స్పెయిన్ రాజు మూడో చార్లెస్ భార్య. ఆవిడ 1760లోనే చనిపోయింది కానీ బావ బావే కదా, జేవియర్ అడిగాడు, బావగారు కాదనలేదు. 1765లో దాదాపు 220 మెరినో గొర్రెలు, పొట్టేళ్ళతో సహా, సాక్సనీ చేరాయి. డ్రెస్డెన్‌కి తూర్పున స్టోల్పెన్ అనే ఊరి దగ్గర వాటిని పెట్టి మంద పెంచారు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, అదే స్టోల్పెన్ కోటలో సాక్సనీ పాత పాలకుడు అగస్టస్ ఒకప్పుడు ప్రాణంగా చూసుకుని తర్వాత కోపం వచ్చి బంధించిన కౌంటెస్ కోజెల్ అనే ఆవిడ దాదాపు 49 ఏళ్ళు అక్కడే ఉండి సరిగ్గా ఆ 1765లోనే పోయింది. బట్టకి దీనికీ సంబంధం లేదు, కానీ ఆ ఊరి పేరు ఎప్పుడు విన్నా నాకు గొర్రెల కంటే ముందు ఆవిడే గుర్తొస్తుంది.

సాక్సనీ వాళ్ళు ఆ గొర్రెల్ని చూసుకున్న తీరే అసలు విషయం. స్పెయిన్‌లో వందల మైళ్ళు నడిచిన గొర్రె ఇక్కడ కొట్టంలో పెరిగింది, చలికి, వానకి, రాత్రికి లోపల, వేళకి మేత. రెండో సారి 1770ల చివర్లో మళ్ళీ స్పెయిన్ నుంచి కొన్ని తెప్పించారు. తర్వాత అధికారులు ఒకటే పట్టు పట్టారు, ఉన్ని పోగు ఎంత సన్నం అయితే అంత మంచిది, లావు పోగు ఉన్న పొట్టేలుని పక్కన పెట్టేయ్, సన్నది ఉన్నదాన్నే జత కట్టించు. కొన్ని తరాలకి ఎలక్టోరల్ అనే రకం తయారైంది (పాలకుడి బిరుదు ఎలక్టర్ కాబట్టి ఆ పేరు), దాని ఉన్ని స్పెయిన్ ఉన్నినే మించిపోయింది. దీనికి మూల్యం కూడా ఉంది లెండి, గొర్రె చిన్నగా, బక్కగా, రోగాలకి తట్టుకోలేకుండా తయారైంది, ఒంటి మీద వచ్చే ఉన్ని బరువు కూడా తక్కువ. మాంసానికి పనికిరాదు, ఉన్ని తూకం రాదు, అయినా ఆ తూకానికి వచ్చే ధర చూసి అందరూ పెంచారు.

ఈ పిచ్చి పక్క దేశాలకీ పాకింది. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న బ్రనో ఊర్లో 1814లో గొర్రెల పెంపకందార్లు ఒక సంఘం పెట్టుకున్నారు, సన్నటి ఉన్ని తల్లి నుంచి వస్తుందా తండ్రి నుంచి వస్తుందా, దగ్గర రక్తం కలిపితే మంచిదా చెడ్డదా అని దశాబ్దాల తరబడి వాదించుకున్నారు, ఆ వాదనల్లో కూర్చున్నవాళ్ళలో అక్కడి మఠం పెద్ద నాప్ ఒకడు. 1843లో ఆ మఠంలోనే గ్రెగర్ మెండెల్ అనే కుర్రాడు చేరాడు, తర్వాత బఠాణీ మొక్కలతో వంశపారంపర్యం లెక్క తేల్చింది అతనే. ఇంటర్ బైపీసీ చదివిన ప్రతివాడూ బఠాణీలు బట్టీ కొట్టినవాడే, ఆ బఠాణీల వెనక ఈ గొర్రెల గొడవ ఉందని మాకు మాత్రం క్లాసులో ఎవరూ చెప్పలేదు.

సరే, ఇంగ్లాండ్‌కి వద్దాం, ఎందుకంటే పేరు పడింది అక్కడే. ఇంగ్లాండ్ సొంత ఉన్ని అప్పటికి మొరటు, ఖరీదైన బ్రాడ్‌క్లాత్ (బాగా నలిపి చిక్కబరచిన ఉన్ని బట్ట) నేయాలంటే స్పెయిన్ ఉన్ని కావాల్సిందే. 1808లో నెపోలియన్ స్పెయిన్ మీద పడ్డాడు, అయిదారేళ్ళు ఆ దేశమంతా యుద్ధభూమి, సైన్యాలు మందల్ని తినేశాయి, తోలుకుపోయాయి, చెల్లాచెదురు చేశాయి. యుద్ధం అయిపోయాక చూస్తే జర్మన్ ఉన్నే మెరుగ్గా ఉంది, యార్క్‌షైర్, గ్లోస్టర్‌షైర్ మిల్లుల వాళ్ళు అటు తిరిగారు. 1820లు, 30ల్లో ఇంగ్లాండ్ కొన్న మేలు రకం ఉన్నిలో ఎక్కువ భాగం జర్మన్‌దే. కొట్లో సాక్సనీ అంటే మేలు రకం సన్న ఉన్ని అని అర్థం స్థిరపడింది, ఆ ఉన్నితో చేసిన బట్ట కూడా అదే పేరుతో పోయింది. వెస్ట్ ఆఫ్ ఇంగ్లాండ్ అంటారే, గ్లోస్టర్‌షైర్, విల్ట్‌షైర్, సోమర్‌సెట్ ప్రాంతం, అక్కడి మిల్లులకి ఈ రకం బట్టలు పెట్టింది పేరు. సోమర్‌సెట్‌లోని వెల్లింగ్టన్ ఊర్లో 1772 నుంచి ఉన్న ఫాక్స్ బ్రదర్స్ ఇప్పటికీ ఫ్లానెల్ (మెత్తటి ఉన్ని బట్ట) నేస్తున్నారు.

జర్మన్ ఉన్ని రాజ్యం ఎక్కువ రోజులు సాగలేదు. ఇక్కడ ఒక ఆడమనిషి కథ చెప్పాలి, ఎలైజా ఫోర్లాంగ్ అని స్కాట్లాండ్ ఆవిడ. 1820ల్లో కొడుకులతో సాక్సనీ వెళ్ళింది, లీప్‌జిగ్‌లో ఉండి ఉన్ని గురించి నేర్చుకుంది, ఊరూరూ కాలినడకన తిరిగి ఒక్కొక్క గొర్రెనీ చేత్తో పట్టుకుని ఉన్ని పాయ తీసి చూసి నచ్చితేనే కొంది. ఆ మందని హాంబర్గ్ రేవు దాకా నడిపించి ఓడెక్కించారు. 1829లో ఆవిడ పెద్ద కొడుకు ఆ గొర్రెల్తో టాస్మేనియా బయల్దేరాడు. గొర్రెలు ఏరడం అప్పట్లో మగవాళ్ళ వ్యాపారం, ఏ పెద్ద ఎస్టేట్ దొర పేరుకీ తీసిపోని పని ఆవిడది, కానీ చాలా రోజులు చరిత్ర పుస్తకాల్లో ఆవిడకి దక్కింది రెండు లైన్లే. టాస్మేనియాలో కాంప్‌బెల్ టౌన్ దగ్గర వింటన్ అనే మంద 1835 నుంచి అక్కడే ఒకే కుటుంబం చేతిలో ఉంది, ఆ సాక్సన్ రక్తంతోనే మొదలైంది. ఆస్ట్రేలియాలో భూమి చౌక, మేత ఊరికే దొరుకుతుంది, కొట్టాలు అక్కర్లేదు, 1840లు దాటేసరికి ఇంగ్లాండ్ మిల్లులకి ఆస్ట్రేలియా ఉన్నే ఎక్కువ వచ్చేది, పోటీ తట్టుకోలేక జర్మన్ రైతులు మెల్లమెల్లగా మాంసం గొర్రెల్లోకి మారిపోయారు. అంటే మీ జాకెట్ మరీ పాతది కాకపోతే అందులో ఉన్ని ఆస్ట్రేలియాది అయ్యే అవకాశమే ఎక్కువ, నేత స్కాట్లాండ్, పేరు జర్మనీ, జాతి స్పెయిన్.

మన దగ్గరికి కూడా ఒక పాయ వచ్చింది. నీలగిరి గొర్రె అని ఊటీ వైపు ఒక జాతి ఉంది, పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి లోకల్ గొర్రెకి టాస్మేనియా మెరినో, చెవియట్, సౌత్‌డౌన్ అనే బ్రిటన్ గొర్రెలు కలిసి తయారైంది, ఊటీ దగ్గర శాండినల్లా పరిశోధనా కేంద్రంలో ఇప్పటికీ పెంచుతున్నారు. దక్షిణాదిలో సన్న ఉన్నికి పేరున్న గొర్రె అది. మన నెల్లూరు గొర్రెకి అసలు ఉన్నే ఉండదు, వెంట్రుకలు మాత్రమే. తెలంగాణ, రాయలసీమల్లో దక్కనీ గొర్రెకి ఉంది కానీ మొరటుది, కురుమలు గొంగళ్ళు నేసేది దాంతోనే.

ఇప్పుడు ట్వీడ్‌కీ దీనికీ తేడా. గొంగడి కప్పుకుని పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది, మెడ దగ్గర గుచ్చుకుంటుంది, కానీ చినుకు పడితే నీళ్ళు లోపలికి రానివ్వదు, ముళ్ళకంపలో ఈడ్చినా చిరగదు, తరం మారినా ఉంటుంది. ట్వీడ్ గొంగడి వైపు మనిషి, సాక్సనీ ఆ పక్కకి పూర్తిగా ఎదురు. ఉన్ని పోగు మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు, మెరినో దాదాపు 15 నుంచి 22 మైక్రాన్ల మధ్య ఉంటుంది, చెవియట్ గొర్రె ఉన్ని, అంటే మామూలు ట్వీడ్‌కి వాడేది, 30కి అటూ ఇటూ, దక్కనీ ఇంకా లావు. 30 మైక్రాన్లు దాటిన పోగు కొన చర్మానికి తగిలితే వంగదు, గుచ్చుతుంది, అదే దురద. చాలామంది ఉన్ని అంటే నాకు అలర్జీ అంటారు, చాలాసార్లు అది అలర్జీ కాదు, లావు పోగు. సూటు బట్టల మీద సూపర్ 100స్, సూపర్ 120స్ అని అంకెలుంటాయి చూడండి, అవి కూడా ఈ మందం లెక్కే, సూపర్ 100స్ అంటే సగటున 18.75 మైక్రాన్లు మించకూడదు, 120స్ అంటే 17.75, అంకె పది పెరిగితే అర మైక్రాన్ తగ్గుతుంది. సాక్సనీ మీద మామూలుగా ఈ అంకెలు వేయరు, వేసి ఎక్కువ రేటు చెప్తే మాత్రం కాస్త ఆలోచించండి, ఎందుకంటే మరీ సన్నటి ఉన్నితో చేసిన జాకెట్ మోచేతుల దగ్గర త్వరగా అరుగుతుంది.

రెండో తేడా వడికే పద్ధతి. ఇది చాలామందికి తెలీదు, షాపుల్లో సేల్స్‌మెన్‌కి కూడా. ఉన్నిని రెండు రకాలుగా వడుకుతారు. పొడుగు పోగుల్ని దువ్వి, పొట్టివి తీసేసి, అన్నీ ఒకే దిక్కున పడుకోబెట్టి వడికితే వచ్చేది వర్‌స్టెడ్, మన ఆఫీసు సూట్లు, ప్యాంట్లు అన్నీ అవే, నున్నగా, చల్లగా, మడత నిలుస్తుంది. పొట్టి పోగుల్ని ఏకి, అన్ని దిక్కులకీ ఉండేలా వదిలి వడికితే వచ్చేది వుల్లెన్, దారం లావుగా, వదులుగా, లోపల గాలి నిండి ఉంటుంది, ఆ గాలే వెచ్చదనం. ట్వీడ్, సాక్సనీ రెండూ ఈ రెండో రకమే. కాబట్టి సాక్సనీ సన్నటి ఉన్ని పెట్టి మొరటు బట్ట పద్ధతిలో చేసిన మెత్తటి బట్ట. సన్నటి ఉన్ని చూస్తే ఎవరైనా వర్‌స్టెడ్ చేయాలనుకుంటారు, కానీ పాత రోజుల్లో సాక్సన్ ఉన్ని పోగు పొట్టిది, దువ్వెనకి సరిగా అందదు, ఏకడానికే అనువు, పైగా నీళ్ళు, సబ్బు, రాపిడి తగిలితే ఇట్టే ఒకదానికొకటి చిక్కుకుంటుంది, అలా చిక్కుకోవడమే ఈ బట్టకి ప్రాణం.

మగ్గం మీంచి దిగినప్పుడు ఈ బట్టని చూస్తే మీరు తాకరు, నూనె కంపు, పల్చగా, గోనె గుడ్డలా ఉంటుంది. ముందు నూనె పోయేలా కడుగుతారు, తర్వాత మిల్లింగ్, అంటే గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో రోలర్ల మధ్య నలుగుతూ గంటల తరబడి తిరుగుతుంది, ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట కుంచించుకుపోతుంది, వెడల్పు బాగా తగ్గిపోతుంది, ఆ పోయిందంతా చిక్కదనంగా మారుతుంది. ఇది ఎక్కువసేపు చేస్తే నేత అస్సలు కనపడకుండా పోయి పాత కాలం బ్రాడ్‌క్లాత్ అవుతుంది, 1800ల మొదట్లో లండన్ దర్జీలు కోటు అంచులు మడిచి కుట్టకుండా కత్తిరించి అలాగే వదిలేసేవాళ్ళు, ఒక్క పోగు ఊడేది కాదు, అంత గట్టిగా చిక్కుకునేది. సాక్సనీకి అంత చేయరు, మధ్యలో ఆపేస్తారు. ఎక్కడ ఆపాలి అనేది ఫినిషింగ్ చేసేవాడి చెయ్యి, ఒకే దారం, ఒకే నేత ఇద్దరికి ఇస్తే రెండు వేరే బట్టలు వస్తాయి. అందుకే నేను మిల్లు చూసి కొంటా కానీ ఉన్ని అంకెలు చూసి కొనను.

ఆ తర్వాత నూగు లేపడం. పాత రోజుల్లో దీనికి టీజిల్ అనే ఒక ముళ్ళ మొక్క ఎండిన తలలు వాడేవాళ్ళు, కొక్కెంలా వంగిన సన్నటి ముళ్ళు, పోగుని లాగుతుంది కానీ చిక్కు గట్టిగా ఉంటే ముల్లే విరుగుతుంది, బట్ట చిరగదు. ఇనప ముళ్ళకి ఈ దయ లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తి శుభ్రం చేయడానికి ఇప్పటికీ వాలుగ చేప దవడ వాడతారు కదా, దానికీ దీనికీ ఒకటే బుద్ధి. నూగు లేపాక ఎత్తుపల్లాలు లేకుండా కత్తిరించాలి. మిషన్లు రాకముందు ఈ కత్తిరింపు చేసేవాళ్ళని యార్క్‌షైర్లో క్రాపర్లు అనేవాళ్ళు, దాదాపు 20 కిలోల కత్తెర, మంచి కూలి, మంచి పొగరు. కత్తిరించే మిషన్లు వచ్చేసరికి వాళ్ళ బతుకు పోయింది, 1812లో యార్క్‌షైర్లో మిల్లుల మీద పడి మిషన్లు పగలగొట్టిన లడ్డైట్లలో ముఖ్యులు వీళ్ళే. ఈ రోజు కంప్యూటర్ వద్దనేవాణ్ణి లడ్డైట్ అని వెక్కిరిస్తారు, ఆ పేరు పుట్టిన గొడవల్లో ఒకటి సరిగ్గా ఇలాంటి బట్టకి నూగు కత్తిరించే దగ్గర జరిగింది.

మీ జాకెట్ నిజంగా సాక్సనీయేనా అని ఇంట్లోనే చూసుకోవచ్చు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బట్టని కంటికి అడ్డంగా, వాలుగా పెట్టి చూడండి, పైన సన్నటి పొట్టి నూగు మంచు పట్టినట్టు కనపడాలి, దాని కింద గళ్ళు గానీ హెరింగ్‌బోన్ (చేప ముల్లు లాంటి వాలు గీతలు) గానీ అంచులు కొద్దిగా మసకగా కనపడాలి. గీతలు చాకుతో గీసినట్టు ఉంటే వర్‌స్టెడ్. నూగు పొడుగ్గా, గరుగ్గా, మధ్యమధ్యలో తెల్లటి మొండి వెంట్రుకలు నిలబడి ఉంటే ట్వీడ్. నేత అస్సలు కనపడకుండా ఒకటే రంగు బూడిద గుడ్డలా ఉంటే ఫ్లానెల్ అనుకోండి, ఫ్లానెల్ దీనికి వరసకి అన్నదమ్ముడే. పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి, ముడత తనే విప్పుకోవాలి. మెడకి వెనకాల రాసుకోండి, గుచ్చకూడదు.

ఇంకా అనుమానం ఉంటే లోపల కుట్టు దగ్గర వదిలిన అదనపు బట్టలోంచి సూదితో ఒక్క దారం లాగండి, మిగతా ఎక్కడా ముట్టుకోకండి. ఆ దారాన్ని రెండు వేళ్ళ మధ్య మెలిక విప్పి మెల్లగా లాగితే తెగినట్టు కాకుండా పొగలా విడిపోవాలి, పొట్టి పోగులు, గజిబిజిగా. సూటిగా పొడుగు పోగులు వస్తే అది దువ్వి వడికిన వర్‌స్టెడ్ దారం. ఒక చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని సింకు మీద కాల్చండి, వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, నల్లటి బొగ్గు వేళ్ళతో నలిపితే పొడి అయిపోతే అది ఉన్ని. కరిగి గట్టి పూసలా అతుక్కుంటే పాలియెస్టరో నైలానో కలిసింది. కొద్దిగా నైలాన్ కలిపితే ద్రోహం ఏమీ కాదు, దారం బలంగా ఉంటుంది, కానీ ధర దానికి తగ్గట్టు ఉండాలి, మీరు చారిటీ షాపులో కొన్నారు కాబట్టి ఎలాగైనా లాభమే. ఒక జాగ్రత్త, నెట్‌లో సాక్సనీ అని కొడితే కార్పెట్లు కుప్పలుగా వస్తాయి, అది ఒత్తుగా పోగులు నిలబడి ఉండే కార్పెట్ రకం, అల్లిక ఉన్ని కూడా ఆ పేరుతో ఉంది, రాట్నంలో కూడా సాక్సనీ వీల్ అని ఒకటి ఉంది, ఇవేవీ మీ జాకెట్ బట్ట కాదు, అక్కడి సలహాలు ఇక్కడ వాడకండి.

విజయవాడ సంగతి. అన్నా, వద్దు. మీది మీటరుకి 300 నుంచి 400 గ్రాముల మధ్య ఉంటుంది, వింటర్ జాకెట్ సాక్సనీలు మామూలుగా అంతే. డిసెంబర్ రాత్రి విజయవాడలో పంతొమ్మిది, ఇరవై డిగ్రీలు, పైగా కృష్ణ పక్కన తేమ, పైన స్టేజి లైట్లు, కింద రెండు వేలమంది, వచ్చిన ప్రతి చుట్టం కావలించుకునేది. పదో ఫోటోకి మీరు తడిసి ముద్దవుతారు. హైదరాబాద్‌లో ఓపెన్ లాన్‌లో రాత్రి రిసెప్షన్ అయితే పదిహేను డిగ్రీలకి దిగుతుంది కాబట్టి చెల్లుతుంది, లంబసింగిలో పెళ్ళి పెట్టుకుంటే మీదే రాజ్యం. విజయవాడకి 220, 250 గ్రాముల ట్రాపికల్ వర్‌స్టెడ్ కుట్టించుకోండి, లేకపోతే హాయిగా పట్టు పంచె కట్టుకోండి, ఎలాగూ పెద్దవాళ్ళకి అదే ఇష్టం. ఇంకో మాట, సాక్సనీ గళ్ళ జాకెట్ అనేది అక్కడి లెక్కలో కూడా పెళ్ళి బట్ట కాదు, వీకెండు, పల్లెటూరు, పబ్బు బట్ట. ఎడిన్‌బరాలో అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆఫీసుకి వేసుకోండి, కింద గ్రే ఫ్లానెల్ ప్యాంటు, చాలు.

ఉతకడం గురించి ఒకటే మాట, వాషింగ్ మెషిన్ వైపు తీసుకెళ్ళకండి. పైన మిల్లింగ్ గురించి చెప్పా కదా, వేడి నీళ్ళు, సబ్బు, తిప్పడం, మిల్లులో చేసింది అదే, మీ మెషిన్ మిగిలిన పని కూడా పూర్తి చేసేస్తుంది, జాకెట్ మీ మేనల్లుడికి సరిపోతుంది. డ్రై క్లీనింగ్ కూడా సీజన్‌కి ఒక్కసారి మించి వద్దు, ఉన్నిలో మిగిలిన కొద్దిపాటి సహజమైన జిడ్డు కూడా పోయి బట్ట పొడిబారుతుంది. వేసుకున్న ప్రతిసారీ మెత్తటి బ్రష్‌తో నూగు పడుకున్న వైపుకే దువ్వండి, వెడల్పాటి భుజాల హ్యాంగర్‌కి తగిలించి ఒక రోజు గాలికి వదలండి, వరసగా రెండు రోజులు వేసుకోకండి, ఉన్నికి ఆ విశ్రాంతి ఇస్తే ముడతలు అవే పోతాయి. ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించారంటే నూగు అణిగి అక్కడ నిగనిగలాడే మచ్చ పడుతుంది, తడి గుడ్డ వేసి ఆవిరి మాత్రమే పట్టండి. మోచేతుల దగ్గర చిన్న ఉండలు కడితే గిల్లకండి, చిన్న కత్తెరతో కత్తిరించండి, మొదటి సీజన్ తర్వాత తగ్గిపోతాయి.

పురుగు విషయం మాత్రం ఈ రోజే చూడండి, చారిటీ షాపు సరుకు కదా. కాలర్ కింద, జేబు మూతల కింద, చంకల దగ్గర వెతకండి, తెల్లటి గింజల్లాంటి గూళ్ళు గానీ, నూగు గీరేసినట్టు బోడి మచ్చలు గానీ ఉంటే ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టి తర్వాత బ్రష్ చేయండి, అప్పుడే బీరువాలో మిగతా స్వెట్టర్ల పక్కన పెట్టండి. సన్నటి మెరినో అంటే ఆ పురుగుకి విందు భోజనం. కలరా ఉండలు పని చేస్తాయి కానీ ఆ వాసన ఉన్నిలోంచి నెలల తరబడి పోదు, మీరు లిఫ్ట్ ఎక్కితే పక్కవాడు తెలుసుకుంటాడు. ఎండాకాలం మూట కట్టే ముందు తప్పకుండా శుభ్రం చేసి పెట్టండి, ఉత్త ఉన్ని కంటే చెమట, తిండి మరక ఉన్న ఉన్నినే అది ముందు కొరుకుతుంది.

చేతులు పొడుగయ్యాయి అన్నారు కదా, కఫ్‌కి నిజమైన కాజాలు కోసి లేకపోతే కింద నుంచి తగ్గించొచ్చు, కాజాలు కోసి ఉంటే భుజం దగ్గర విప్పి పైనుంచి తగ్గించాలి, దానికి ఖర్చెక్కువ, మంచి దర్జీ కావాలి. భుజమే వెడల్పైతే వదిలేయండి, ఆ పని జాకెట్ ధరకి రెట్టింపు అవుతుంది. వీలైతే లేబుల్ ఫోటో, కుట్టు లోపలి బట్ట ఫోటో పగటి వెలుతుర్లో తీసి ఇక్కడ పెట్టండి, మిల్లు పేరు కనిపిస్తే ఏ కాలంది కావచ్చో చెప్పడానికి ట్రై చేస్తా.